గుంటల నమోదు ఫారంలో తప్పులు చూపించడం: నెల్లూరు తీరం నుంచి ఒక కేస్ స్టడీ

నెల్లూరు జిల్లా తీర మండలాల్లోని రొయ్యల రైతులు కొందరు కలిసి నడుపుకుంటున్న ఒక సంఘానికి, సభ్యుల గుంటలను, వాటిలో వదిలిన రొయ్య పిల్లలను, అంటే సీడ్‌ను, పట్టుబడి వివరాలను నమోదు చేసుకునే వెబ్ అప్లికేషన్ ఉంది. దానిని కొన్నేళ్ల కిందట వేరొకరు తయారు చేశారు. ఫారంలో తప్పు వచ్చినప్పుడు కనిపించే సందేశాలు సభ్యులకు అర్థం కావడం లేదని, వాటిని అందరికీ తెలిసే తెలుగులో తిరగరాయాలని సంఘం నన్ను కోరింది. అడిగింది సందేశాలు మార్చమనే అయినా, పని మొదలుపెట్టాక సందేశాల వంతు చివరికి వచ్చింది. అంతకు ముందు, ఫారం తప్పు అంటున్నది నిజంగా తప్పేనా అన్నది తేల్చవలసి వచ్చింది. వెబ్ ఫారాలు తయారుచేసే తోటి పనివారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఆ క్రమాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఈ ఫారం ఎవరి చేతుల్లో నిండుతుందో చెప్పాలి. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు వైపు గుంటల దగ్గర రైతు స్వయంగా ఫోన్ పట్టుకుని ఫారం నింపడం తక్కువ. గుంటల సూపర్‌వైజరో, కాలేజీకి వెళ్లే కొడుకో కూతురో, మండల కేంద్రంలోని నెట్ సెంటర్ ఆపరేటరో నింపుతారు. రైతు పక్కన నిలబడి చెబుతుంటాడు, లేదా ఫోన్‌లో చెబుతుంటాడు. అంటే తప్పు సందేశాన్ని చదివేది ఒకరు, దానికి జవాబు తెలిసినది మరొకరు. చదివినవారు దానిని పైకి చదివి వినిపిస్తే, ఎదుటివారు తమ చేతిలోని పాస్‌బుక్కు చూసి సమాధానం చెప్పగలగాలి. ఈ ఒక్క విషయం తర్వాతి నిర్ణయాలలో చాలావాటికి ఆధారమైంది.

ఫారం ఉన్న స్థితి

మొత్తం నమోదు ఒకే పొడవాటి పేజీలో ఉండేది. అన్ని గడులూ నియమాలకు సరిపోయే వరకు అడుగున ఉన్న ‘నమోదు చేయి’ బటన్ బూడిద రంగులోనే ఉండి, నొక్కినా పలికేది కాదు. ఏ గడి వల్ల ఆగిందో అది చెప్పదు. పైకి జరిపి ఒక్కొక్క గడినీ వెతుక్కోవాలి. తప్పున్న గడి చుట్టూ సన్నని ఎర్ర గీత, దాని కింద చిన్న అక్షరాలలో ‘చెల్లని విలువ’ అన్న రెండు మాటలు వచ్చేవి. కొన్ని గడులకు మాత్రం తయారుచేసినవారు సొంత సందేశం పెట్టకుండా బ్రౌజర్‌కే వదిలేశారు. బ్రౌజర్ చూపించే బుడగ ఫోన్‌లో బ్రౌజర్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో వస్తుంది, మొదటి తప్పును మాత్రమే చూపుతుంది, కాసేపటికి మాయమవుతుంది. అందువల్ల ఒకే ఫారంలో కొన్ని తప్పులు తెలుగులోనూ కొన్ని ఇంగ్లీషులోనూ కనిపించేవి.

మధ్యాహ్నపు ఎండలో గుంట గట్టు మీద నిలబడి ఫోన్ తెర చూసేవారికి సన్నని ఎర్ర గీతకూ మామూలు బూడిద గీతకూ తేడా దాదాపు కనిపించదు. సమాచారాన్ని రంగు ఒక్కదానితోనే తెలియజేయరాదని వెబ్ అందుబాటు ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2008 నుంచీ 1.4.1 సంఖ్య గల నిబంధనలో చెబుతోంది. రంగులను గుర్తించలేనివారి కోసమే ఆ నిబంధన అనుకుంటాం గాని, ఎండలో నిలబడిన ప్రతి ఒక్కరికీ అది వర్తిస్తుంది. అక్కడే ఒక పెద్దాయన కుమారుడి చేతిలోని ఫోన్ వైపు చూపిస్తూ, “ఏంది నాయనా ఇది, రాసింది తప్పంటుందే గాని ఏం రాయాల్నో చెప్పదే!” అన్నారు. నాకు ఇచ్చిన పనిని ఇంతకంటే కచ్చితంగా ఎవరూ వర్ణించలేదు.

సందేశాలను ముట్టుకోక ముందు, ఏ గడిలో ఏ నియమం ఎన్నిసార్లు అడ్డుపడుతోందో నమోదయ్యే ఏర్పాటు చేశాను. గడి పేరు, నియమం పేరు మాత్రమే దాచాను. రాసిన విలువను ఎక్కడా దాచలేదు. బ్యాంకు ఖాతా సంఖ్యలు, ఫోన్ నంబర్లు లాగ్ ఫైళ్లలో పడి ఉండడం మంచిది కాదు. ఎక్కువ తప్పులు బ్యాంకు వివరాలలోనే వస్తుంటాయని సంఘం కార్యాలయంలో అందరూ అనుకునేవారు. లాగ్ చూస్తే అడ్డుపడుతున్నవి పేరు, విస్తీర్ణం, పిన్ కోడ్, పట్టుబడి తేదీ అని తేలింది. ఈ నాలుగింటిలోనూ రాసేవారి వైపు పొరపాటు చాలా తక్కువ.

నియమమే తప్పైన చోట్లు

పేరు గడిని తేలికగా సరిచేయవచ్చు గనుక మొదట దానినే చూశాను. ఇంగ్లీషు అక్షరాలు, ఖాళీ తప్ప మరేదీ ఉండకూడదన్నది పాత నియమం. మన పేర్లలో ఇంటిపేరు పొడి అక్షరంగా వచ్చి, దాని తర్వాత చుక్క ఉండడం సర్వసాధారణం. ఆ చుక్కను ఫారం ఒప్పుకునేది కాదు. తెలుగులో రాస్తే అసలే ఒప్పుకునేది కాదు. తెలుగును అనుమతించాలని మధ్యలో ఎవరో ఒక మార్పు చేశారు గాని, యూనికోడ్‌లో ‘అక్షరం’ అనే వర్గాన్ని మాత్రమే, రాసిన దాని రూపాన్ని సరిచూసే సూత్రమైన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో చేర్చారు. తెలుగులో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న ఆ వర్గంలోకి రావు. అవి ‘గుర్తులు’ అనే వేరే వర్గానికి చెందుతాయి. ఫలితంగా ‘రమణ’ ఆమోదం పొందేది, ‘శ్రీనివాసులు’ తప్పుగా తేలేది. రెండు వర్గాలనూ చేర్చి, చుక్కను, ఖాళీని, కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత చేర్చే కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ గుర్తును కూడా అనుమతించాము. పేరు గడిలో నియమాలు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిదని నా అభిప్రాయం. ఖాళీగా లేకపోతే చాలు.

పిన్ కోడ్ కథ జిల్లాల పునర్విభజనతో ముడిపడి ఉంది. జిల్లా గడిలో నెల్లూరు ఎంచుకుంటే పిన్ కోడ్ 524తో మొదలు కావాలన్న నియమాన్ని పాత ఫారంలో పెట్టారు. 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రాంతం ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. దానితోపాటు తీరాన ఉన్న ఉలవపాడు, గుడ్లూరు మండలాలూ వచ్చాయి. జిల్లా మారినా తపాలా శాఖ పిన్ కోడ్ మారలేదు. కందుకూరు 523105 గానే ఉంది. అదే సమయంలో 524101 పిన్ కోడ్ గల గూడూరు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అందువల్ల ఉలవపాడు రైతు తన జిల్లాను, తన పిన్ కోడ్‌ను రెండింటినీ సరిగ్గా రాస్తే ఫారం తిరస్కరించేది. నమోదు కావాలంటే రెండింటిలో ఒకటి అబద్ధం రాయాలి. నెట్ సెంటర్లలో జిల్లాను ప్రకాశం అని మార్చి పంపేవారని తర్వాత తెలిసింది. పిన్ కోడ్ సరిహద్దులు తపాలా మార్గాల కోసం గీసినవి, జిల్లా సరిహద్దులు పరిపాలన కోసం గీసినవి. ఒకదానితో మరొకదానిని తనిఖీ చేయడానికి ఆధారం లేదు. ఆరు అంకెలు ఉండాలి, మొదటిది సున్నా కాకూడదు అన్నంత వరకే ఉంచి మిగతా నియమాన్ని తీసేశాము.

పట్టుబడి తేదీ దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడ తప్పుడు నియమం వల్ల రైతుకు నిజమైన నష్టం జరిగే అవకాశం ఉంది. సీడ్ వదిలిన తేదీకి, పట్టుబడి తేదీకి మధ్య కనీసం 90 రోజులు ఉండాలని, కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) 20 నుంచి 100 మధ్య ఉండాలని ఫారం పట్టుబట్టేది. పంట సజావుగా సాగితే ఈ రెండూ సబబుగానే కనిపిస్తాయి. కాని ఇక్కడ పెంచే వనామీ రకం రొయ్య సాగులో తెల్లమచ్చ వ్యాధి లక్షణాలు కనిపించాక 3 నుంచి 10 రోజుల్లో గుంటలోని సరుకు మొత్తం చనిపోయే ప్రమాదం ఉంటుంది. అప్పుడు రైతు రొయ్య ఎదిగిందా లేదా అని చూడడు; దొరికినంత పట్టించి, దొరికిన ధరకు అమ్ముకుంటాడు. యాభయ్యో రోజున, కిలోకు 150 లేదా 200 తూగే చిన్న రొయ్యను పట్టవలసి వస్తుంది. సంఘం వెంటనే తెలుసుకోవలసిన సమాచారం అదే, పక్క గుంటల వారిని హెచ్చరించవలసినదీ అప్పుడే. సరిగ్గా ఆ రోజున ఫారం ‘చెల్లని విలువ’ అని తలుపు మూసేది. ఆగి ఆలోచించే తీరికలేని రైతు, సీడ్ వదిలిన తేదీని వెనక్కి జరిపో, కౌంట్‌ను 100 అని రాసో పని ముగించుకునేవాడు. దాంతో రికార్డులలో ఆ గుంట పంట మామూలుగా ముగిసినట్టే ఉండేది.

ఈ నియమాన్ని పూర్తిగా తీసేయడం కూడా సరికాదు, ఎందుకంటే నెలను తప్పుగా ఎంచుకోవడం వల్ల కూడా యాభై రోజులు అని రావచ్చు. అందుకని దానిని అడ్డుకునే తప్పు స్థాయి నుంచి ప్రశ్న స్థాయికి మార్చాము. తేడా 90 రోజులకు తక్కువైతే, “సీడ్ వదిలి 52 రోజులే అయినట్టు కనిపిస్తోంది. ముందుగానే పట్టించారా, లేక తేదీ మార్చాలా?” అని అడుగుతుంది. ముందుగానే పట్టించామని చెబితే, కారణం అడిగే మరో చిన్న గడి తెరుచుకుంటుంది. అది ఖాళీగా వదిలినా నమోదు ఆగదు. సీడ్ వదలక ముందే పట్టుబడి జరిగినట్టు ఉంటే మాత్రం అది ఎలాగూ సాధ్యం కాదు కనుక ఆపుతుంది.

మొత్తం ఫారాన్ని ఈ దృష్టితో మళ్లీ చదివాక నియమాలన్నీ మూడు తీరులుగా విడిపోయాయి. ఎట్టి పరిస్థితిలోనూ నిజం కాలేనివి కొన్ని. వాటినే తప్పులుగా చూపించాలి. అరుదుగా నిజమయ్యేవి కొన్ని; వాటిని అడిగి నిర్ధారించుకోవాలి. రాసే పద్ధతిలో మాత్రమే తేడా ఉన్నవి మిగతావి. వాటి గురించి రాసేవారికి చెప్పనే అక్కరలేదు. ఫోన్ నంబరు మధ్యలో ఖాళీ, ముందు ప్లస్ 91, సీడ్ సంఖ్యలో 5,00,000 అన్న కామాలు, బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో చిన్న అక్షరాలు, ఇవన్నీ మూడో తీరువే. కంప్యూటరే ఒక్క క్షణంలో సరిచేసుకోగలిగిన దానిని మనిషి చేత చెరిపించి మళ్లీ రాయించడం మర్యాద కాదు. ఫోన్ నంబరు గడికి పది అక్షరాల గరిష్ఠ పొడవు పెట్టడం వల్ల ఇంకో అనర్థం కూడా జరిగేది. ప్లస్ 91తో ఉన్న నంబరును కాపీ చేసి అతికిస్తే చివరి అంకెలు చడీచప్పుడు లేకుండా తెగిపోయి, తప్పుడు నంబరు మిగిలేది. ఆ పరిమితిని తీసేసి, అతికించిన దానిని ముందు శుభ్రం చేసి ఆ తర్వాతే లెక్కపెట్టే విధంగా మార్చాము.

ఎకరాలు, సెంట్లు

విస్తీర్ణం గడిలో సమస్య సాంకేతికంగానూ, వ్యవహారపరంగానూ ఆసక్తికరమైనది. మన దస్తావేజుల్లో రెండు ఎకరాల యాభై సెంట్లను 2-50 అని రాయడం అలవాటు. పాత ఫారంలో ఈ గడి సంఖ్య రకానికి చెందినది. ఇలాంటి గడిలో సంఖ్యగా అర్థం కానిది రాస్తే, తెర మీద రాసింది రాసినట్టే కనిపిస్తున్నా, బ్రౌజర్, పేజీని నడిపే జావాస్క్రిప్ట్‌కు మాత్రం ఖాళీ విలువనే అందిస్తుంది. ఖాళీగా ఉందనుకున్న ఫారం ‘ఈ గడి తప్పనిసరి’ అని చూపేది. కళ్ల ముందు 2-50 అని ఉండగా గడి నింపలేదని ఫారం వాదిస్తుంటే, ఎవరికైనా ఫోన్ పాడైందేమోనన్న అనుమానం వస్తుంది.

చుక్కతో రాసేవారి విషయంలో చిక్కు ఇంకా లోతైనది. 2.5 అని రాస్తే ఫారం రెండున్నర ఎకరాలుగా తీసుకుంటుంది. రాసినవారిలో కొందరి ఉద్దేశం రెండు ఎకరాల ఐదు సెంట్లు. ఎకరానికి వంద సెంట్లు గనుక అది 2.05 కావాలి. ఇక్కడ ఏ నియమమూ పనికిరాదు, రెండూ చక్కగా చెల్లే విలువలే. తప్పు బయటపడేది మరో గడి దగ్గర. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ మార్గదర్శకాల ప్రకారం వనామీ సీడ్‌ను చదరపు మీటరుకు 60కి మించి వదలకూడదు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. 5,00,000 సీడ్ వదిలిన గుంట రెండున్నర ఎకరాలైతే చదరపు మీటరుకు 49 చొప్పున పడుతుంది, పరిమితిలోనే ఉంటుంది. అదే గుంట రెండు ఎకరాల ఐదు సెంట్లైతే 60 దాటుతుంది. చుక్క తర్వాత ఒక సున్నా ఉండడం, లేకపోవడం మీద ఆ గుంట నిబంధనల లోపల ఉందా బయట ఉందా అన్నది ఆధారపడుతుంది.

దీనికి సందేశంతో పరిష్కారం లేదు, గడినే మార్చాలి. ఎకరాలకు ఒకటి, సెంట్లకు ఒకటి చొప్పున పక్కపక్కన రెండు గడులు పెట్టి, సెంట్ల గడిలో 0 నుంచి 99 వరకే అనుమతించి, రాసిన వెంటనే కింద ‘మొత్తం: 2 ఎకరాల 5 సెంట్లు’ అని చూపించాము. నింపేవారు దానిని పైకి చదువుతారు, పక్కనున్న రైతు అవునో కాదో చెబుతాడు. పాత రికార్డులలో చుక్క తర్వాత ఒకే అంకె ఉన్న వాటన్నింటినీ వేరుచేసి, సభ్యులను అడిగి సరిచూడమని సంఘానికి జాబితా ఇచ్చాము. ప్రోగ్రామ్ రాసి వాటిని మూకుమ్మడిగా మార్చడానికి నేను ఒప్పుకోలేదు.

సీడ్ సాంద్రత పరిమితి దాటినప్పుడు వచ్చే హెచ్చరికను ఎక్కడ చూపించాలన్నది మరో ప్రశ్న. తప్పు విస్తీర్ణంలో ఉండవచ్చు, సీడ్ సంఖ్యలో ఉండవచ్చు, లేదా రెండూ సరిగానే ఉండి నిజంగానే ఎక్కువ వదిలి ఉండవచ్చు. పాత ఫారం సీడ్ గడికే ఎర్ర గీత గీసేది, దాంతో అందరూ సీడ్ సంఖ్యనే తగ్గించి రాసేవారు. ఇప్పుడు రెండు గడులకూ కలిపి ఒకే సందేశం, లెక్కతో సహా వస్తుంది: “2 ఎకరాల 5 సెంట్లలో 5,00,000 సీడ్ అంటే చదరపు మీటరుకు 60 దాటుతుంది. విస్తీర్ణం, సీడ్ సంఖ్య రెండూ మరోసారి చూడండి.” లెక్క కనిపిస్తే ఎక్కడ పొరపాటు పడిందో మనిషే పట్టుకుంటాడు.

సందేశాలు రాసిన తీరు

నియమాలు సర్దుకున్నాక రాయవలసిన సందేశాలు సగానికి పైగా తగ్గిపోయాయి. మిగిలిన ప్రతి సందేశాన్నీ ఫోన్‌లో ఒకరికి చదివి వినిపించి, వారు మళ్లీ ప్రశ్న వేయకుండా జవాబు చెప్పగలిగారా లేదా అని చూసి ఖాయం చేశాము. ‘చెల్లదు’, ‘సరికాదు’ వంటి తీర్పు మాటలను మానేసి, ఏం ఉంది, ఏం కావాలి, అది ఏ కాగితం మీద ఎక్కడ దొరుకుతుంది అన్న వరుస పాటించాము. ‘ఖాతా సంఖ్య తప్పనిసరి’ అన్నచోట ‘బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీలో ఉన్న ఖాతా సంఖ్య రాయండి’ అని వచ్చింది.

ఐఎఫ్ఎస్‌సీ కోడ్ గడి ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. ఈ కోడ్‌లో 11 అక్షరాలుంటాయి. మొదటి నాలుగు బ్యాంకును సూచించే ఇంగ్లీషు అక్షరాలు, ఐదవది ఎప్పుడూ సున్నా, చివరి ఆరు శాఖను సూచిస్తాయి. ఐదవ స్థానంలో సున్నాకు బదులు ‘ఓ’ అక్షరం రాయడం తరచుగా జరుగుతుంది. అక్కడ సున్నా తప్ప మరొకటి ఉండే వీలే లేదు గనుక దానిని ప్రోగ్రామే మార్చుకుంటుంది. అక్షరాలు తక్కువైతే మాత్రం, ‘కోడ్‌లో 10 అక్షరాలే ఉన్నాయి, 11 ఉండాలి’ అని లెక్కపెట్టి చెబుతుంది.

రూపం సరిగ్గా ఉండి పనిచేయని కోడ్‌ల సంగతి వేరు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. మా ప్రాంతంలో ఎందరో రైతుల బీరువాల్లో ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కులే ఇప్పటికీ ఉన్నాయి, వాటి మీద ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత కోడ్ ఉంటుంది. రూపాన్ని మాత్రమే తనిఖీ చేసే నియమం దానిని ఆమోదిస్తుంది. తర్వాత డబ్బు పంపేటప్పుడు గాని విషయం బయటపడదు. అందుకని ఆ నాలుగు అక్షరాలు కనిపిస్తే, “ఇది ఆంధ్రా బ్యాంకు పాత కోడ్. ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. యూబీఐఎన్‌తో మొదలయ్యే కొత్త కోడ్‌ను మీ శాఖలో అడిగి రాయండి” అని ప్రత్యేకంగా చెబుతుంది. కోడ్ చేతిలో లేకపోతే మిగతా వివరాలు నమోదు చేసి, బ్యాంకు భాగాన్ని తర్వాత పూర్తి చేసే వీలు కూడా ఉంది. తప్పు చూపించి ఊరుకుంటే రైతు ఆ పూటకు బ్యాంకుకు పోలేడు కదా.

ఖాతా సంఖ్య గడిని సంఖ్య రకం నుంచి మామూలు అక్షరాల రకానికి మార్చి, అంకెల కీబోర్డు తెరుచుకునే సూచన మాత్రం జోడించాము. ఖాతా సంఖ్యతో ఎవరూ కూడికలు చేయరు. దానిని సంఖ్యగా భావిస్తే ముందున్న సున్నాలు పోతాయి. జావాస్క్రిప్ట్ కచ్చితంగా దాచుకోగల అతిపెద్ద పూర్ణాంకం 9007199254740991, అంటే 16 అంకెలు, అంతకంటే పొడవైన ఖాతా సంఖ్యలో చివరి అంకె తనంతట తానే మారిపోవచ్చు.

ఆధార్ గడిని ఫారం నుంచి తీసివేయించాను. ఆధార్‌లోని 12 అంకెలలో చివరిది వెర్హోఫ్ పద్ధతిలో లెక్కించిన తనిఖీ అంకె, ఒక అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అది పట్టేస్తుంది. ఆ తనిఖీని పాత ఫారంలో చక్కగానే రాశారు. కాని సంఘం ఆ సంఖ్యను ఏ పనికీ వాడడం లేదు. అవసరం లేని వ్యక్తిగత వివరాన్ని అడిగి, అది సరిగ్గా రాయలేదని సభ్యుడిని ఆపడంలో అర్థం లేదు.

ఎక్కడ, ఎప్పుడు

సందేశాన్ని గడి కింద కాకుండా, గడి పేరుకూ గడికీ మధ్య ఉంచాము. ఫోన్‌లో కీబోర్డు తెరుచుకుంటే గడి కింది భాగమంతా మూసుకుపోతుంది. బ్రిటన్ ప్రభుత్వపు గవ్.యూకే డిజైన్ సిస్టమ్‌లోనూ ఇదే పద్ధతి. తప్పున్న భాగానికి ఎడమ వైపు మందమైన నిలువు పట్టీ, సందేశం ముందు ‘తప్పు:’ అన్న మాట ఉంటాయి గనుక రంగు కనిపించకపోయినా తెలుస్తుంది. పాత సందేశాల పెట్టె ఎత్తు ఇంగ్లీషు వాక్యానికి సరిపోయేలా బిగించి ఉండడం వల్ల ‘విస్తీర్ణం’, ‘సంఖ్య’ వంటి మాటల్లో వత్తులు కిందికి తెగిపోయేవి. ఎత్తు పరిమితిని తీసేసి, వరుసల మధ్య దూరాన్ని పెంచి, అక్షరాల పరిమాణాన్ని గడిలో రాసే అక్షరాలతో సమానం చేశాము.

గడిలో రాస్తుండగానే తప్పు అని అరవడం పాత ఫారానికున్న మరో అలవాటు. ఫోన్ నంబరులో మొదటి అంకె కొట్టగానే ఎర్రబడేది. ఇప్పుడు గడి వదిలి ముందుకు వెళ్లాకే తనిఖీ జరుగుతుంది. ఒకసారి తప్పు చూపించిన గడిలో మాత్రం ప్రతి మార్పుకూ తనిఖీ చేసి, సరైన క్షణానే సందేశం తొలగిపోతుంది. బటన్ ఎప్పుడూ నొక్కడానికి సిద్ధంగానే ఉంటుంది. నొక్కితే తప్పులన్నీ పేజీ పైన ఒకచోట జాబితాగా వచ్చి, ఒక్కొక్కటి నొక్కితే నేరుగా ఆ గడికి తీసుకెళ్తుంది. తెర చదివే టాక్‌బ్యాక్ వంటి సాధనాల కోసం ప్రతి సందేశాన్నీ దాని గడితో ఏరియా (ఏఆర్ఐఏ) అనే, ఆ సాధనాలకు సమాచారం అందించే కోడ్ లక్షణాల ద్వారా ముడివేశాము. చూపు మందగించిన సభ్యులు ఇద్దరు ముగ్గురు ఆ సాధనం వాడుతున్నారని అంతవరకు సంఘానికే తెలియదు.

సిగ్నల్ పోవడం రాసినవారి తప్పు కాదన్నది కూడా ఫారానికి నేర్పవలసి వచ్చింది. మైపాడు వైపు గుంటల దగ్గర నెట్ ఉన్నట్టుండి పోతుంటుంది. పాత ఫారం సర్వర్‌ను చేరలేకపోయినా, సర్వర్ తిరస్కరించినా ఒకే రకంగా ‘విలువలు చెల్లవు’ అని చూపి, పేజీని ఖాళీ చేసేది. ఇప్పుడు సర్వర్ కూడా అవే నియమాలతో మళ్లీ తనిఖీ చేసి, తప్పులుంటే ‘అందింది గాని విలువల్లో తప్పులున్నాయి’ అని తెలిపే హెచ్‌టీటీపీ 422 సమాధానంతో గడివారీగా వివరాలు పంపుతుంది. అసలు సమాధానమే రాకపోతే, “సిగ్నల్ లేదు. మీరు రాసినది ఫోన్‌లో భద్రంగా ఉంది, సిగ్నల్ రాగానే మళ్లీ నొక్కండి” అని చెబుతుంది. నెట్ సెంటర్ కంప్యూటర్లలో ఒకరి వివరాలు ఇంకొకరికి కనిపించకుండా, ఆపరేటర్ లాగిన్‌తో నింపినప్పుడు ఈ భద్రపరచడం ట్యాబ్ మూయగానే చెరిగిపోతుంది.

మార్పుల తర్వాత సంఘం కార్యాలయానికి ఫారం గురించి ఫోన్లు ఆగిపోలేదు, వాటి స్వభావం మారింది. ‘పోవడం లేదు’ అనేవారు ఇప్పుడు ‘గుంట అన్నదమ్ములిద్దరి పేరా ఉంది, ఎవరి ఖాతా రాయాలి’ అని అడుగుతున్నారు. అది ఫారం తీర్చగల ప్రశ్న కాదు, సంఘం తీర్చవలసినదే.

రెండు విషయాలు ఇంకా తెగలేదు. ఫోన్ నంబరు తప్పనిసరి కావడంతో, సొంత ఫోన్ లేని పెద్దవారికి ఆపరేటర్లు పది తొమ్మిదులు కొట్టి పంపుతున్నారని రికార్డులు చూస్తే తెలిసింది. ‘సొంత ఫోన్ లేదు’ అన్న ఎంపికను చేర్చాను గాని, పట్టుబడి ధరల కబురు అందరికీ ఫోన్‌లోనే పంపుతున్న సంఘం దానిని ఉంచాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది. రెండవది సర్వే నంబరు. 124/2ఎ, 124-2ఎ అని ఎలా రాసినా ఇప్పుడు ఫారం ఒకటిగానే తీసుకుంటుంది. అయితే రీసర్వే పూర్తయిన గ్రామాలలో పాత సర్వే నంబరు స్థానంలో భూమి ముక్క పటాన్ని సూచించే ఎల్‌పీఎం నంబరు వచ్చింది, అది ఉత్త అంకె. సర్వే నంబరు గడిలో 318 అని మాత్రమే ఉంటే అది ఉపవిభాగం రాయడం మరిచిన పాత నంబరో, సక్రమమైన కొత్త నంబరో ఫారానికి తెలియదు. ప్రస్తుతానికి గ్రామాన్ని బట్టి ఏ పాస్‌బుక్కు చూసి రాస్తున్నారో ముందుగా అడుగుతున్నాము. ఏయే గ్రామాల్లో కొత్త పాస్‌బుక్కులు చేతికి వచ్చాయో చూసి ఆ పట్టికను సంఘం సూపర్‌వైజర్లే ఎప్పటికప్పుడు మార్చుకుంటున్నారు.